గోడ మీద టీవీ – గోడ చాటు ఖర్చు

(మొవ్వలో సాయంత్రం పూట చదువుకుంటున్న అక్కచెల్లెళ్ళ ముందు, కరెంటు పని చేసే ఒకాయన మాట్లాడిన మాటలు ఇవి.)



నేను ఉపన్యాసాలు చెప్పేవాణ్ణి కాదు. నాకు వచ్చింది కరెంటు పని. ఇళ్ళకు వైరింగు చేస్తాను. మోటార్లు బాగు చేస్తాను. ఈ పదేళ్ళ నుంచీ ఎక్కువగా గోడలకు టీవీలు బిగిస్తున్నాను. పంతులమ్మ గారు నన్ను పిలిచి, "వీళ్ళకు కూడికలు, తీసివేతలు వచ్చాయి. నీ పనిలో ఉన్న లెక్క ఒకటి చెప్పు" అన్నారు. అందుకని వచ్చాను.

ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మనం గేదెను కొనేటప్పుడు ఏం చేస్తాం? ఎన్ని పాలిస్తుందో అడుగుతాం. ఎన్నో ఈతో అడుగుతాం. గడ్డి ఎంత, దాణా ఎంత, పాక వెయ్యాలా వద్దా, అన్నీ లెక్క వేసుకుంటాం. అప్పుడే బేరం చేస్తాం. గేదె ధర ఒక్కటే చూసి ఎవరూ కొనరు.

మరి టీవీ కొనేటప్పుడు? డబ్బా మీద ధర చూస్తాం. అంతే. ఇంటికి తెచ్చాక ఒక్కొక్కటే బయటికి వస్తుంది. బిగించే ఇనుప చట్రం కావాలి. మేస్త్రి కావాలి. వైరు కావాలి. ఇవన్నీ డబ్బా మీద రాయరు. ఆ రాయని ఖర్చు గురించే ఇవాళ చెప్తాను.

ఊరికొక టీవీ నుంచి గోడకొక టీవీ దాకా

మన మొవ్వ క్షేత్రయ్య గారి ఊరని చెప్పుకుంటాం. పక్కనే కూచిపూడి. పాట కోసం, ఆట కోసం జనం గుడి దగ్గర చేరిన ఊళ్ళు ఇవి. ఇప్పుడు పాటా, ఆటా ఇంట్లో గోడ మీదకే వచ్చేశాయి.

మొదట్లో ఇలా లేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు మన దేశంలో ఒక ప్రయోగం జరిగింది. ఆకాశంలో ఉన్న ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు అవి అందాయి. అందులో కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు పల్లెలు కూడా ఉన్నాయి. అప్పుడు ఊరికంతా ఒకటే టీవీ. వ్యవసాయం గురించి, ఆరోగ్యం గురించి ఊరంతా కూర్చుని చూసేవారు. ఆ తర్వాత 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది.

1987, 88లో ఆదివారం పూట రామాయణం వచ్చేది. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పులు గుట్టగా పడి ఉండేవి. అప్పటి టీవీ పెద్ద పెట్టె. వెనక పెద్ద మూపురం. ఇద్దరు పట్టుకుంటే గాని లేచేది కాదు. దాన్ని బల్ల మీద పెట్టి, పైన పూల గుడ్డ కప్పేవాళ్ళం. గోడకు తగిలించాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

ఇప్పటి టీవీ పలక లాంటిది. 32 అంగుళాల టీవీ 4, 5 కిలోలు ఉంటుంది. అంటే ఒక చిన్న బియ్యం సంచి బరువు. పలచగా ఉంది కాబట్టి గోడకు పెడదాం అంటున్నాం. అది తప్పు కాదు. మన ఇళ్ళు చిన్నవి. బల్ల పెడితే మంచం పట్టదు. గోడకు ఉంటే చోటు కలిసొస్తుంది. పిల్లలు లాగి మీద పడేసుకునే భయం తగ్గుతుంది. ఇల్లు ఊడ్చుకోవడం కూడా తేలిక. అయితే దానికి ఒక ఖర్చుంది. ఆ ఖర్చు తెలిసి పెట్టుకోవాలి.

ఒక అక్క ఇంటి లెక్క

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెప్తాను. ఊరు చెప్పను, పేరు చెప్పను. ఆమె నాకు అక్క వరస. నాట్లకు, కుప్పనూర్పులకు కూలికి వెళ్తుంది. ఒక్కతే ఆడపిల్ల. "పక్కింటి గుమ్మంలో నిలబడి చూస్తోందిరా, నాకు బాగోలేదు" అని చెప్పి, ఒక సంక్రాంతి ముందు టీవీ కొన్నది.

టీవీ ధర 13,000 రూపాయలు. చేతిలో అంత లేదు. 2,000 ముందు కట్టింది. మిగిలింది 11,000. దానికి నెలకు 1,050 చొప్పున 12 వాయిదాలు. ఫైలు ఖర్చు అని ఇంకో 400 తీసుకున్నారు.

పలకలు తియ్యండి. లెక్క వెయ్యండి.

ముందు కట్టింది 2,000.
వాయిదాలు, 1,050 ను 12 సార్లు వేస్తే 12,600.
ఫైలు ఖర్చు 400.
మొత్తం 15,000.

13,000 టీవీకి 15,000 అయింది. ఇది షాపు దగ్గరి ఖర్చు. ఇక ఇంటికి వచ్చాక అయిన ఖర్చు చూడండి.

గోడకు బిగించే ఇనుప చట్రం 350.
నా కూలి 400.
టీవీ దగ్గరకు కొత్త స్విచ్చు బోర్డు, వైరు 700.
స్టెబిలైజరు 1,500.
డిష్ పెట్టె పెట్టుకోవడానికి చిన్న అర 250.
పైపు వేసి వైరు దాచడం, గోడకు పూత, రంగు 800.
మొత్తం 4,000.

15,000కు 4,000 కలిపితే 19,000. డబ్బా మీద రాసింది 13,000. రాయనిది 6,000.

రోజు కూలి 400 అనుకుందాం. 6,000 అంటే ఎన్ని రోజుల కూలి? పదిహేను రోజులు. పదిహేను రోజులు బురదలో నడుము వంచి నాటు వేస్తే వచ్చే డబ్బు. ఆ అక్కకు ఈ లెక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే, టీవీ కొనేదే కాదని నేను అనను. కొనేదే. కానీ ఇంకో రకంగా కొనేది.

ఈ అంకెలు ఊరును బట్టి, షాపును బట్టి, టీవీ సైజును బట్టి మారతాయి. నా అంకెలు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. వరస గుర్తు పెట్టుకోండి.

నేను చేసిన తప్పు

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంటుంది. అయినా చెప్పాలి.

ఆ రోజు పండగ ముందు. నాకు ఇంకో రెండు ఇళ్ళలో పని ఉంది. అక్క ఇల్లు రెండు గదులు. గదికీ గదికీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. అంటే నాలుగున్నర అంగుళాల గోడ. ఆ గోడకు అవతల పక్కనే స్నానాల గది. "ఇక్కడైతే మంచం మీద నుంచి కనపడుతుంది" అని ఆమె చూపించింది. నేను సరే అన్నాను.

డ్రిల్లు పెట్టాను. గోడ మంచిదైతే ముందు బూడిద రంగు సిమెంటు పొడి, తర్వాత ఎర్రటి ఇటుక పొడి పొడిపొడిగా రాలుతుంది. ఆ గోడలోంచి వచ్చింది పొడి కాదు, ముద్ద. డ్రిల్లు పుల్లకు తడిగా అంటుకుంది. గోడలో చెమ్మ ఉందని నాకు అర్థమైంది. చూసీ చూడనట్టు బిగించేశాను. టీవీ తగిలించాను. వెలిగింది. పిల్ల చప్పట్లు కొట్టింది. నేను 400 తీసుకుని వెళ్ళిపోయాను.

జూలైలో వానలు పట్టాయి. ఒక రాత్రి చెమ్మకు పూత ఉబ్బి, పెచ్చు పెచ్చుగా ఊడింది. దానితో పాటు స్క్రూలూ వచ్చేశాయి. టీవీ కింద పడింది. ఎప్పుడూ ఆ పిల్ల చాప వేసుకుని ఆ గోడ కిందే పడుకుంటుంది. ఆ రాత్రి ఉరుములకు భయపడి తల్లి మంచం ఎక్కి పడుకుంది. అందుకని బతికిపోయింది.

టీవీ తెర పగిలింది. కింద పడి పగిలితే సాధారణంగా వారంటీ వర్తించదు. తెర మార్చాలంటే కొత్త టీవీ అంత అవుతుందన్నారు. అప్పటికి ఆమె కట్టినవి 5 వాయిదాలు. ఇంకా 7 ఉన్నాయి. 7 సార్లు 1,050 అంటే 7,350 రూపాయలు. ఇంట్లో లేని టీవీకి ఆమె ఆ డబ్బంతా కట్టింది. అవి నాట్ల రోజులు. రోజుకు 400 చొప్పున 18 రోజుల కూలి అందులోకే పోయింది.

నేను వెళ్ళి నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. "తమ్ముడూ, గోడ బాగాలేదని నీకు ఆ రోజే తెలుసా?" అని అడిగింది. తెలుసు అన్నాను. "మరి చెప్పలేదేం?" అంది. నా దగ్గర జవాబు లేదు. నా 400 తిరిగి ఇచ్చాను. తీసుకుంది. తీసుకోవాల్సిందే. ఆ డబ్బుతో ఆమె నష్టం తీరలేదు.

తర్వాత ఆ డబ్బాలో ఉన్న కాగితం తీసి చూశాను. గోడ ఎలా ఉండాలో అందులో బొమ్మ వేసి ఉంది. గట్టి గోడ బొమ్మ పక్కన టిక్కు గుర్తు. పలచ గోడ బొమ్మ మీద ఇంటూ గుర్తు. ఆమెకు చదువు రాదు. నాకు వచ్చు. చదవగలిగిన నేనే ఆ కాగితం విప్పలేదు. ఆ రోజు నుంచి, ఏ ఇంటికి వెళ్ళినా ముందు గోడ చూస్తాను. బాగాలేకపోతే బిగించనని చెప్పేస్తాను. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

మన గోడలు ఎలాంటివి?

మనది కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు నేల. కాలవలు పక్కనే. వానాకాలంలో కొంచెం తవ్వితే నీళ్ళు పడతాయి. ఆ చెమ్మ పునాదిలోంచి గోడలోకి పాకుతుంది. దివిసీమ వైపు, నాగాయలంక, కోడూరు, బందరు వైపు వెళ్తే చెమ్మతో పాటు ఉప్పు కూడా. గోడ మీద తెల్లగా పొడి లేస్తుంది చూశారా? అది ఉప్పు. ఆ ఉప్పు పూతను తినేస్తుంది. ఇనుప చట్రానికి, స్క్రూలకు తుప్పు పట్టిస్తుంది. నల్లరేగడి ఉన్న చోట ఇంకో తంటా. ఆ నేల నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. దాంతో గోడలు బీటలిస్తాయి.

టీవీని గోడ ఎలా పట్టుకుంటుందో చెప్తాను. ముందు గోడకు చిల్లు వేస్తాం. అందులో ప్లాస్టిక్ ప్లగ్గు దూరుస్తాం. దానిలోకి స్క్రూ తిప్పితే, ప్లగ్గు లోపల ఉబ్బి ఇటుకను పట్టుకుంటుంది. ఆ పట్టు ఇటుకలో ఉండాలి. గోడ మీద ఉన్న సిమెంటు పూతలో ఉంటే చాలదు. పూత అరంగుళమో ముప్పావంగుళమో ఉంటుంది. అందుకని పొట్టి స్క్రూ వేస్తే పూతలోనే ఆగిపోతుంది. పూత ఊడితే టీవీ ఊడుతుంది.

బిగించే మనిషి రాకముందే మీరు గోడను చూసుకోవచ్చు. పెద్ద చదువు అక్కర్లేదు.

ఒకటి. వేలి కణుపుతో గోడను తట్టండి. గట్టిగా "టక్ టక్" అంటే మంచిది. డొల్లగా "డబ్ డబ్" అంటే పూత ఇటుకను వదిలేసింది.

రెండు. అరచెయ్యి పెట్టి చూడండి. చల్లగా, చెమ్మగా ఉంటే ఆ చోటు వద్దు. తెల్ల పొడి, నల్ల మచ్చ, పెచ్చు ఉన్నా వద్దు.

మూడు. అవతల పక్క ఏముందో చూడండి. స్నానాల గది, నీళ్ళ తొట్టి ఉంటే వద్దు.

నాలుగు. స్విచ్చు బోర్డుకు నేరుగా పైన, నేరుగా కింద చిల్లు వెయ్యనివ్వకండి. గోడ లోపల వైర్లు అలాగే నిలువుగా వెళ్తాయి. చిల్లు వేసేటప్పుడు మెయిను ఆపించండి.

ఐదు. చట్రం బిగించాక, టీవీ తగిలించక ముందే దాన్ని పట్టుకుని కిందికి గట్టిగా లాగి చూపించమనండి. కదిలితే ఒప్పుకోకండి.

అక్క ఇంట్లో బయటి గోడ తొమ్మిదంగుళాల గోడ. పొడిగా, గట్టిగా ఉంది. అటు పెట్టి ఉంటే ఇంకో 150 రూపాయల వైరు అయ్యేది. అంతే.

ఏ చట్రం కొనాలి?

చట్రాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గోడకు అతుక్కుని కదలకుండా ఉండేది. రెండోది చెయ్యిలాగా ముందుకు చాచి, అటూ ఇటూ తిప్పుకునేది. రెండో దానికి ధర ఎక్కువ. గోడ మీద భారం కూడా ఎక్కువ. నీళ్ళ బిందెను చంకన పెట్టుకుంటే ఎంత దూరమైనా మోస్తాం. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకోమంటే పది అడుగులు వెయ్యలేం. బిందె బరువు మారలేదు, కానీ భుజం మీద లాగుడు పెరిగింది. టీవీని ముందుకు లాగితే గోడ మీదా అంతే. ఒంటి ఇటుక గోడకు చాచే చట్రం పెట్టించకండి. గది చిన్నదైతే అసలు ఆ అవసరమే రాదు.

కొన్ని టీవీల డబ్బాలోనే చట్రం వస్తుంది. కొన్నింటికి విడిగా కొనాలి. "బిగింపు ఉచితం" అని బోర్డు ఉంటుంది. బిగించే కూలి ఒక్కటే ఉచితమా, చట్రం కూడానా? అది అడగండి. ఆ బోర్డు కింద చిన్న అక్షరాలతో "షరతులు వర్తిస్తాయి" అని రాసి ఉంటుంది. ఇప్పుడు మీకు చదవడం వచ్చింది కదా. ముందు ఆ చిన్న అక్షరాలే చదవండి.

చట్రం దగ్గర యాభై రూపాయలకు గీచి గీచి బేరమాడే వాళ్ళను చూశాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది. చట్రం మీద ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉంటుంది. మీ టీవీ ఎన్ని కిలోలో టీవీ డబ్బా మీద ఉంటుంది. రెండూ చదివి సరిచూసుకుని కొనండి.

అక్కర్లేని ఖర్చు ఏది?

అక్క చేత 1,500 పెట్టి స్టెబిలైజరు కొనిపించారని చెప్పాను కదా. షాపులో చెప్పారు, నేనూ తలూపాను. ఇప్పటి టీవీ వెనక ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద చాలా వాటికి "100 – 240" అని అంకెలు ఉంటాయి. అంటే కరెంటు 100 వోల్టుల దాకా తగ్గినా ఆ టీవీ పనిచేస్తుంది. అలాంటి టీవీకి లో-ఓల్టేజి కోసమని సాధారణంగా స్టెబిలైజరు అక్కర్లేదు. ఆ అంకెలు మీరే చదవండి. ఆ 1,500లో పదో వంతు పెడితే టీవీ మంచి గోడ మీద ఉండేది.

మరి పిడుగు? పిడుగును స్టెబిలైజరు ఆపలేదు. ఉరుములు మొదలైతే టీవీ ప్లగ్గు పీకెయ్యాలి. డిష్ వైరు కూడా తియ్యాలి. స్విచ్చు ఆపితే చాలదు. ఇక్కడే గోడ టీవీతో ఒక చిక్కు ఉంది. అందం కోసం ప్లగ్గును టీవీ వెనకే పెట్టిస్తాం. ఉరిమినప్పుడు చెయ్యి దూరదు. అందుకని ప్లగ్గు బోర్డును టీవీ పక్కన, చేతికి అందేలా పెట్టించండి. కాస్త వైరు కనపడితే కనపడనివ్వండి. ఉరుములు దగ్గరికి వచ్చేశాక మాత్రం వైర్ల జోలికి వెళ్ళకండి. మబ్బు పట్టినప్పుడే తీసెయ్యండి.

ఎత్తు సంగతి కూడా చెప్తాను. హోటల్లో టీవీ తల పైన ఉంటుంది. అక్కడ నిలబడి, నడుస్తూ చూస్తారు. మనం ఇంట్లో చాప మీదో, మంచం మీదో కూర్చుని చూస్తాం. ఆరడుగుల ఎత్తున పెడితే మెడ పట్టేస్తుంది. మళ్ళీ దించి బిగించాలంటే కొత్త చిల్లులు, కొత్త కూలి. మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని, చూపు నేరుగా ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టించి, ఆ తర్వాత బిగించమనండి. చిన్నపిల్లలున్న ఇంట్లో వాళ్ళ చేతికి అందనంత పైకి పెడితే చాలు.

అద్దె ఇల్లయితే ముందు ఇంటివాళ్ళను అడగండి. ఖాళీ చేసేటప్పుడు చిల్లులు పూడ్చి, రంగు వెయ్యమంటారు. ఆ ఖర్చు మీదే. టీవీతో పాటు డబ్బాలో రెండు కాళ్ళు వస్తాయి. వాటిని పారెయ్యకండి. గోడ బాగాలేని ఇంట్లో, అద్దె ఇంట్లో, ఆ కాళ్ళు బిగించి గట్టి బల్ల మీదో, సిమెంటు అరుగు మీదో పెట్టుకోవచ్చు. దానికి ఖర్చు సున్న. టీవీ అంతే బాగా కనపడుతుంది. బల్ల అంచున కాకుండా కాస్త లోపలికి జరిపి పెట్టండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఎన్నో ఇళ్ళలో వస్తువులు బురద పాలయ్యాయి. మనమూ తుపాన్లు వచ్చే చోటే ఉన్నాం. 1977 నవంబరు ఉప్పెన పేరు చెబితే దివిసీమలో ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నీళ్ళు మోకాలి లోతు వస్తే గోడ మీద టీవీ మిగులుతుంది. అంతకు మించి వస్తే ఎక్కడ పెట్టినా ఒకటే. నీళ్ళు తీశాక గోడలు, బోర్డులు ఆరే దాకా కరెంటు వెయ్యకండి. ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే వెయ్యండి.

వాయిదా లెక్క, నెల లెక్క

"వడ్డీ లేదు" అని చెప్పి వాయిదాలకు ఇస్తామంటే మూడు మాటలు అడగండి. ఇవాళ డబ్బు మొత్తం ఇస్తే ధర ఎంత? వాయిదాలన్నీ అయ్యేసరికి నేను కట్టేది ఎంత? ఫైలు ఖర్చు ఎంత? పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యండి. మిగిలిందే వడ్డీ. దానికి వాళ్ళు ఏ పేరైనా పెట్టనివ్వండి.

అక్కకు అలా 2,000 ఎక్కువైంది. అదే 11,000 సంఘంలో తీసుకుని ఉంటే? నూటికి నెలకు రూపాయి వడ్డీ అనుకుందాం. నెల నెలా అసలు కొంచెం కొంచెం తీరుస్తూ ఏడాదిలో తీర్చితే వడ్డీ 715 రూపాయలు. 2,000లోంచి 715 తీస్తే 1,285 మిగిలేది. అయితే ఒక సంగతి. సంఘం డబ్బు టీవీకి తీసుకుంటే, గేదెకు గాని, పిల్ల ఫీజుకు గాని అవసరం వచ్చినప్పుడు అందదు. అది కూడా ఆలోచించుకోవాలి. అన్నిటికంటే మేలైనది ఏమిటంటే, నెలకు 1,050 వాయిదా కట్టగలిగిన మనిషి, ముందే నెలకు 1,050 దాచుకోగలదు. 13 నెలలకు 13,650 అవుతుంది. టీవీ వస్తుంది, 650 చేతిలో ఉంటుంది.

ఇక నెల ఖర్చు. 32 అంగుళాల టీవీ సుమారు 50 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 6 గంటలు చూస్తే నెలకు 9 యూనిట్లు. అది తక్కువే. కానీ పక్కనున్న డిష్ పెట్టె ఉంది చూశారా? టీవీ ఆపినా దాని ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది. అది 10 వాట్లు అనుకున్నా, రాత్రింబవళ్ళూ వెలిగితే నెలకు 7 యూనిట్లు. చూడకుండానే ఇంచుమించు చూసినంత కరెంటు. పడుకునేటప్పుడు దాని స్విచ్చు ఆపెయ్యండి.

కేబులుకో డిష్‌కో నెలకు 300 కడితే ఏడాదికి 3,600. నాలుగేళ్ళలో 14,400. అంటే ఇంకో టీవీ. దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్‌కు నెల నెలా చందా లేదు. ఒకసారి గొడుగు, పెట్టె కొంటే చాలు. అన్ని చానళ్ళూ రావు. మీకు కావలసినవి వస్తాయో రావో అది పెట్టించుకున్న వాళ్ళ ఇంట్లో చూసి తేల్చుకోండి.

కాగితం దాచుకోండి

కొన్న ప్రతి దానికీ బిల్లు అడగండి. టీవీకే కాదు, చట్రానికి, వైరుకు కూడా. డబ్బా మీద వేసిన ధర కంటే ఎక్కువ తీసుకోకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు మీద ఆ అంకె ఉంటుంది. చూడండి.

మోసపోయామనిపిస్తే 1915కు ఫోను చెయ్యవచ్చు. అది వినియోగదారుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నంబరు. అక్కడా తేలకపోతే మచిలీపట్నంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు కొన్న వస్తువుకు ఫిర్యాదు ఫీజు లేదు. కానీ చేతిలో బిల్లు ఉండాలి. బిల్లు, వారంటీ కాగితం, బిగించిన మనిషి ఇచ్చిన రసీదు ఒక సంచిలో పెట్టి దాచుకోండి. నా లాంటి వాణ్ణి కూడా రసీదు అడగండి. తేదీ వేసి, సంతకం పెట్టమనండి. సంతకం పెట్టాల్సి వస్తే మేము ఇంకొంచెం జాగ్రత్తగా చిల్లు వేస్తాం. ఇది నిజం.

చివరి మాట. ఆ అక్క మళ్ళీ టీవీ కొన్నది. రెండేళ్ళు ఆగి, డబ్బు కూడబెట్టి కొన్నది. బిగించడానికి నన్నే పిలిచింది. నేను వెళ్ళేసరికి ఆమె బయటి గోడను వేలితో తట్టి, బొగ్గుతో గుర్తు పెట్టి ఉంచింది. డబ్బాలోని కాగితం నా చేతిలో పెట్టి, "ముందు ఇది చదువు తమ్ముడూ, నేను వింటాను" అంది. నేను చదివాను. తర్వాతే డ్రిల్లు తీశాను.

మీకైతే నేను చదివి వినిపించనక్కర్లేదు. మీరే చదవండి.

చదివాక మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో టీవీ ఉంటే దానికి అయిన ఖర్చంతా వరసగా రాయండి. డబ్బా మీద ధర ఎంత? దానికి మించి ఎంత అయింది?

2. ఒక టీవీ ధర 16,000. ముందు 3,000 కట్టి, నెలకు 1,300 చొప్పున 12 వాయిదాలు కట్టాలి. మొత్తం ఎంత అవుతుంది? ఎక్కువ కట్టేది ఎంత?

3. మీ ఇంట్లో నాలుగు గోడలనూ తట్టి చూడండి. ఏ గోడ గట్టిది? ఏ గోడకు చెమ్మ ఉంది?

4. గోడ బాగాలేదని తెలిసీ చెప్పని మనిషిది ఎంత తప్పు? అడగని వాళ్ళది ఎంత తప్పు? మీరేమంటారు?